ఊగే కొమ్మకే గింజలు

పొద్దున్న అయిదు గంటల నలభై నిమిషాలకు, గుట్ట మలుపులో పాలవ్యాను హారన్ మోగగానే, బూడిదెద్దు పాతర మీది బండను కొమ్ములతో పక్కకు జరిపింది. రోజూ చేసే పనే. బండ జరిపి, లోపలి వేడిగాలి పోయేదాకా కాసేపు ఆగి, మూతి పెట్టి వాసన చూస్తుంది. ముక్కిన వాసన రాకపోతే ఆ పూటకు జొన్నలు క్షేమం. ఆ రోజూ క్షేమంగానే ఉన్నాయి. మొత్తం ముప్పై ఆరు గంపలు.

నల్లగుట్ట కింది బీడులో కొమ్ముల జట్టుకు ఆ పాతరే ఖజానా. కోతలయ్యాక చేలల్లో మిగిలిన కంకుల్ని పరిగె ఏరి, నోట కరుచుకుని తెచ్చి, ఏడాది పొడుగునా కూడబెట్టిన గింజలవి. ఇరవై నాలుగు గంపలు ఎద్దులూ ఆవులూ బర్రెలూ తెచ్చినవి. పన్నెండు గంపలు గొర్రెలు తెచ్చినవి. గొర్రె నోట్లో ఎన్ని కంకులు పడతాయి గనక. ఆ పన్నెండు గంపల కోసం అవి ఎన్నిసార్లు చేలకూ పాతరకూ మధ్య తిరిగాయో, తీసి పోసుకున్న బూడిదెద్దుకు తెలుసు.

ఆ గింజలు తినడానికి కాదు, ఎన్నికలకు. ఎండాకాలంలో బీడు మొత్తానికి ఒకటే చెలమ. ఎవరు ముందు తాగాలి, ఎవరు తర్వాత తాగాలి అన్నది నీటిపెద్ద చెప్పాలి. ముందు తాగినవాళ్ళకు తేటనీళ్ళు, చివర తాగినవాళ్ళకు బురద. చెలమ దగ్గర ఎవరూ ఎవరి మీదా పంజా ఎత్తకూడదు, కొమ్ము విసరకూడదు. అది తాతలనాటి ఒప్పందం. చెలమ గట్టు దిగాక ఎవరి జాగ్రత్త వాళ్ళది.

బీడులో అయిదు వాడలు. పసులగడ్డ, గొర్రెలదొడ్డి, గుహలకొండ, గాడిదలరేవు, కోతులతోపు. ఒక్కో వాడలో ఎక్కువమంది ఎటు నిలబడితే ఆ వాడ అటు. మూడు వాడలు గెలిచిన జట్టుదే నీటిపెద్ద పదవి. పసులగడ్డ, గొర్రెలదొడ్డి ఎప్పుడూ కొమ్ముల జట్టువే. గుహలకొండ ఎప్పుడూ గోళ్ళ జట్టుది, అంటే నక్కలూ అడవిపిల్లులూ ఉండే చోటు. గాడిదలరేవు నిరుడే గోళ్ళవైపు పోయింది, ఇప్పట్లో తిరిగి రాదు. మిగిలింది తోపు. నిరుడు తోపు గెలిచి కొమ్ములు మూడు వాడలు చేసుకున్నాయి. ఈ ఏడు ఎన్నికలకు ఇంకా పందొమ్మిది రోజులుంది.

బూడిదెద్దు బండను మళ్ళీ మూయబోతుంటే, మెల్లగా నడుచుకుంటూ చుక్కమ్మ వచ్చింది. దొడ్డిలో అందరికంటే పెద్ద గొర్రె. నొసట నల్లచుక్క, ఒక చెవి సగమే ఉంటుంది. వచ్చిన పని ముందుగా చెప్పడం దాని అలవాటు కాదు. గింజలు బాగున్నాయా అంది, నీ మెడ మీది పుండు మానిందా అంది, ఎండలు ఈసారి ముందే వచ్చేట్టున్నాయంది. బూడిదెద్దు అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి తనే అడిగింది.

"ఏం చుక్కమ్మా, ఏదో పని మీద వచ్చినట్టున్నావు."

"పనేముందన్నా. మాఘంలో వచ్చిన గాలికి దొడ్డి కంచె పడిపోయింది కదా. నాలుగు బారల కంత. మూడు పిల్లలు పోయాయి."

ఎవరు పట్టుకుపోయారో చుక్కమ్మ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. కంత దగ్గర మట్టి మెత్తన, అడుగులు అందరూ చూశారు. కావలసింది పది పన్నెండు తుమ్మకంపలు. తుమ్మలవాగు దగ్గర నరికి పడేసినవి ఊరికే ఎండుతున్నాయి. తెచ్చి అడ్డంపెడితే చాలు. కానీ ఆ పని గొర్రెల వల్ల కాదు.

"మా బొచ్చే మాకు శత్రువన్నా. మేము కంపను లాగబోతే కంప మమ్మల్ని లాగుతుంది. మొన్న మా కోడలుపిల్ల పోయి ఇరుక్కుంటే విడిపించేసరికి పొద్దుగూకింది. రెండు గంపలిస్తే గాడిదలు మోసిపెడతామన్నాయి. నిరుడు కంచె వాలినప్పుడే చెప్పాను. గెలిచాక చూద్దామన్నారు. గెలిచాం."

చివరి మాటలో నిష్ఠూరమేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. బూడిదెద్దుకు అదే గుచ్చుకుంది. సాయంత్రం సభలో తప్పకుండా అడుగుతానని మాటిచ్చింది.

సభ రాతిబండ దగ్గర జరిగింది. జట్టు నాయకుడు పోట్లకోడె ఎత్తున నిలబడింది. మూపురం పెద్దది, కోపం ఇంకా పెద్దది, ఆలోచన మాత్రం ఎవరైనా చేసిపెడితే వినే రకం. దాని పక్కన లెక్కలకాకి. కాకి ఏ జట్టుకూ చెందదు. ఒక గంప కూలికి నాలుగు రోజులు అయిదు వాడల మీదా తిరిగి, ఎక్కడ ఎవరు ఎవరి పేరు ఎన్నిసార్లు అంటున్నారో విని వచ్చి చెబుతుంది. దాన్ని సర్వే అంటుంది. అయిదు గులకరాళ్ళు ముక్కుతో తెచ్చి వరసగా పెట్టింది. రెండు తెల్లవి, రెండు నల్లవి, ఒకటి మచ్చలది.

"తెల్లవి మనవి. నల్లవి వాళ్ళవి. మచ్చలది తోపు," అంది కాకి. "ఇక సూత్రం వినండి. మొలిచిన చేలో మళ్ళీ విత్తరు. రాతినేలలో అసలే విత్తరు. దున్నిన నేలలోనే విత్తుతారు. ఈ అయిదింట్లో దున్నిన నేల ఒక్కటే."

పోట్లకోడె మూపురం కదిలేలా తలూపింది. ఇంత తేలిగ్గా అర్థమయ్యే మాట దానికి ఆ ఏడాదిలో ఎవరూ చెప్పలేదు.

బూడిదెద్దు గొంతు సవరించుకుంది. సభల్లో మాట్లాడటం దానికి రాదు. అయినా మాటిచ్చింది కాబట్టి నిలబడి, దొడ్డి కంచె సంగతీ, పోయిన మూడు పిల్లల సంగతీ చెప్పి, రెండు గంపలు అడిగింది. పాతరలో మూడోవంతు గొర్రెలు తెచ్చిందేనని కూడా గుర్తుచేసింది. తర్వాత, తనకే తెలియకుండా ఒక మాట అనేసింది.

"మొలిచిన చేనుకైనా నీళ్ళు పెట్టాలి గదా, కాకీ."

కాకి మెడ వాల్చి, ఒంటికన్నుతో ఎద్దువైపు చూసింది.

"ఈ నాలుగు రోజుల్లో దొడ్డి మీద కూడా తిరిగానన్నా. ఒక్క తిట్టు వినబడలేదు. గొర్రె మేతకూ 'మే' అంటుంది, కోతకూ 'మే' అంటుంది. దాన్ని లెక్కలో ఎక్కడ వెయ్యను? అయినా నాకు తెలీక అడుగుతాను, గొర్రెలు ఎక్కడికి పోతాయి? నక్క దగ్గరికా?"

సభ మొత్తం పకపకా నవ్వింది. బర్రెలు నవ్వాయి, ఆవులు నవ్వాయి, పోట్లకోడె తోక ఆడించి మరీ నవ్వింది. గొర్రెల తరఫున వచ్చిన పొట్టేలు కూడా, పెద్దలు నవ్వుతున్నారని, నవ్వింది. బూడిదెద్దు పెదవి కూడా సాగింది. ఆ నవ్వులో తనూ కలిసిందన్న సంగతి తర్వాత చాలా రోజులు దాన్ని వదల్లేదు. ఒక్క ముసలిబర్రె మాత్రం, పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా అని గొణిగి మళ్ళీ నెమరులో పడింది.

తీర్మానం అయింది. తోపుకు ఇరవై నాలుగు గంపలు. పసులగడ్డలో ఊరేగింపుకూ విందుకూ అయిదు. కాకికి ఒకటి. మిగిలిన ఆరు గంపలూ అవసరాన్ని బట్టి వాడేందుకు పక్కన. దొడ్డికి ఏమీ లేదు. గెలిచాక మొదట చేసే పని దొడ్డి కంచేనని పోట్లకోడె అందరి ముందూ చెప్పింది. ఆ మాట అనేటప్పుడు అది నిజంగానే అంది. నిరుడూ నిజంగానే అంది.

మర్నాడు బూడిదెద్దు చుక్కమ్మకు జరిగింది చెప్పింది. నవ్విన సంగతి చెప్పలేదు. ఆరు గంపలు పక్కన ఉన్నాయి, అందులోంచి రెండు ఇప్పిస్తానంది. చుక్కమ్మ ఆ ఆరు గంపల్ని అప్పుడే కళ్ళతో చూసినట్టు తలూపి వెళ్ళిపోయింది.

తోపుకు గింజలు మోసే పని బూడిదెద్దుదే. రోజుకు ఒక్క నడక, నడకకు రెండు గంపలు. పోయేటప్పుడు అడ్డదారిన, వచ్చేటప్పుడు తుమ్మలవాగు దాటి దొడ్డి వెంట. తోపులో కోతులు బహు మర్యాదగా ఎదురొచ్చేవి. గంపలు దించీ దించకముందే ఖాళీ చేసి, కొమ్ముల జట్టుకు జై కొట్టి, కొమ్మలెక్కేవి. ఓ గంట గడిచాక ఆలోచించుకుంటామనేవి. సాయంత్రానికి నీటి విషయంలో నక్క చెప్పేదాంట్లో కూడా న్యాయముందనేవి. మర్నాడు ఎద్దు మళ్ళీ రెండు గంపలతో వచ్చేది.

తొమ్మిదో నడకనాడు బూడిదెద్దు ఉండబట్టలేక తోపుపెద్ద కొండముచ్చును అడిగింది.

"ఇన్ని తిన్నాక కూడా మీ మనసు కుదురుకోలేదా, మామా?"

కొండముచ్చు తోక చివర ఉన్న గింజ ఏరుకుని నోట్లో వేసుకుంది. "కుదురుకుంటే రేపు నువ్వు వస్తావా, అల్లుడూ?"

ఎద్దు ఖాళీ గంపలు ఎత్తుకోబోయింది, కొండముచ్చు ఆపింది.

"మేము పుట్టినప్పట్నుంచీ ఊగుతూనే ఉన్నాం. ఎవడూ పట్టించుకోలేదు. ఊగేవాళ్ళకే గింజలని మీ కాకి చెప్పాక ఇంకాస్త గట్టిగా ఊగుతున్నాం. కుదురుగా ఉన్నవాళ్ళకు మీరేం పెట్టారో రోజూ నువ్వు నడిచే దారిలోనే కనిపిస్తోంది. తప్పు పట్టుకోకు. ఎద్దులా నడవమంటే ఎద్దు నడుస్తుంది, కోతికేం పట్టింది?"

పదో నడకనాడు తోపులో పెద్ద గోల. రెండు గుంటనక్కలు బండ మీద నిలబడి, తోపంతా ఎర్రతోకదే, తోపంతా ఎర్రతోకదే అని గొంతు చించుకుంటున్నాయి. ఎర్రతోక అంటే గోళ్ళ జట్టు నాయకుడు, ముసలినక్క. కింద కోతులు వాటికి వంత పాడుతున్నాయి. బూడిదెద్దు అటూ ఇటూ చూసింది. నక్కల ముందు గంపలేమీ లేవు. ఇంత గోల ఉంది గానీ ఒక్క గింజ కూడా రాలి లేదే అనుకుంది. అనుకుని ఊరుకుంది. తన పని మొయ్యడం, ఆలోచించడానికి కాకి ఉంది.

కాకి అప్పటికే ఎగిరిపోయింది. ఎద్దు బీడుకు చేరేసరికి పోట్లకోడె నేలను కాలితో గోరుతూ ఉంది. తోపు జారిపోతోందని కాకి చెప్పిందట. నక్క తన గింజలన్నీ తోపులోనే పోస్తోందట. పక్కన పెట్టిన ఆరు గంపలూ తోపుకే వెళ్ళాలని తీర్మానం లేకుండానే తేలిపోయింది. ఏడ్చే పిల్లకే పాలు.

బూడిదెద్దు ఆ రాత్రి మేత ముట్టలేదు. తెల్లారాక పోట్లకోడె దగ్గరికి పోయి, గింజలు అడగనంది. తోపు నుంచి వచ్చేటప్పుడు తన వీపు ఖాళీయే కదా, తుమ్మలవాగు దారిలోనే ఉంది కదా, వస్తూ వస్తూ రోజుకో రెండు కంపలు లాక్కొచ్చి దొడ్డి దగ్గర పడేస్తానంది. ఖర్చు లేని పని.

పోట్లకోడె కోప్పడలేదు. నచ్చజెప్పింది. అదే అసలు ఇబ్బంది.

"బూడిదన్నా, నువ్వు జట్టు ఎద్దువి. ఎన్నికలు నెత్తి మీద ఉండగా నువ్వు దొడ్డికి కంప మోస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? కొమ్ములకు దొడ్డిలో భయం పట్టుకుందనుకుంటారు. ఆ మాట తోపుకు చేరిందా, తోపు పోయింది. గట్టిగా ఉన్నచోట మనం గట్టిగా ఉన్నట్టే కనబడాలి. ఎనిమిది రోజులు ఓర్చుకోమను. నేనే వచ్చి కంప వేస్తాను."

ఎద్దుకు ఆ మాట సరైందిగానూ అనిపించింది, తప్పుగానూ అనిపించింది. కాడి మెడ మీద పెడితే నడవడమే గానీ, కాడి దింపుకోవడం దానికెవరూ నేర్పలేదు. తలవంచుకుని గంపలు ఎత్తుకుంది.

ఆ సాయంత్రం తిరిగొస్తూ దొడ్డి దగ్గర ఆగింది. కంతలో అయిదు ముసలిగొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని అడ్డంగా పడుకుని ఉన్నాయి. కంచె లేదు కాబట్టి తామే కంచె అయ్యాయి. వాటిలో చుక్కమ్మ చివర. లేవకుండానే పలకరించింది. నాలుగో పిల్ల నిన్న పోయిందని చెప్పింది. బూడిదెద్దు ఆరు గంపల సంగతి చెప్పింది. కంప మోస్తానంటే వద్దన్నారని కూడా చెప్పింది. ఎందుకు వద్దన్నారో చెప్పడానికి కొంచెం సేపు పట్టింది.

చుక్కమ్మ నెమరు ఆపింది.

"అన్నా, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పు. మేము జట్టు మారతామని ఎప్పుడూ అనలేదు. అని ఉంటే కంప వచ్చేదా?"

బూడిదెద్దు అబద్ధమాడదు.

"వచ్చేదేమో, చుక్కమ్మా."

"అదే అనుకున్నాను," అంది చుక్కమ్మ. బెదిరింపు లేదు, కోపం లేదు. పొద్దుపోతోంది ఇక వెళ్ళమంది.

పదమూడో నడకలో తిరిగొస్తుంటే, దూరం నుంచి దొడ్డి కంతలో ఏదో నల్లగా అడ్డం కనిపించింది. కంపలే. ముసలిగొర్రెలు కంతలో లేవు, లోపల మేస్తున్నాయి. గాడిదలకే జాలి కలిగి ఉంటుందనుకుంది బూడిదెద్దు. ఎవరు వేస్తేనేం, పని అయింది. దాని గుండె మీంచి బరువు దిగింది. ఆగి అడగలేదు. ఆగితే చుక్కమ్మ మొహం చూడాలి.

ఎన్నికల రోజు వచ్చింది. పద్ధతి పాతదే. ప్రతి వాడలోనూ నేల మీద ఒక గీత. కొమ్ములకైతే కుడిపక్క, గోళ్ళకైతే ఎడమపక్క నిలబడాలి. పొద్దువాలే వేళకు కాకి అయిదు వాడలూ తిరిగి లెక్క తెస్తుంది.

ముందు తోపు కబురొచ్చింది. తొంభై ఏడింట్లో కొమ్ములకు యాభై నాలుగు, గోళ్ళకు నలభై మూడు. పదకొండు తేడాతో తోపు గెలిచింది. పసులగడ్డ మీద కోడెలు కుప్పిగంతులు వేశాయి. పోట్లకోడె కాకిని పొగిడింది, కాకి తన సూత్రాన్ని పొగుడుకుంది. పసులగడ్డ ఎలాగూ తమదే. గుహలకొండ, గాడిదలరేవు పోయాయి, పోతాయని తెలిసిందే. ఇక దొడ్డి కబురు వస్తే మూడు. దొడ్డి కబురు తేవడానికి వెళ్ళిన కాకి ఆలస్యంగా వచ్చి, బండ మీద కాకుండా దూరంగా ఉన్న మోడు మీద వాలింది.

"ఏమైంది?" అంది పోట్లకోడె.

"నూట అరవైకి నూట అరవై."

"మనకేగా?"

కాకి రెక్క సర్దుకుంది. "అటు."

గొర్రెల నడక తెలిసిందే. ముందు నడిచేది గీత దాటితే వెనక ఒక్కటీ ఆగదు. ముందు నడిచింది చుక్కమ్మ.

పోట్లకోడె నేలను కాలితో తన్నింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అనలేదంది. నక్క ఆ దొడ్డిలో ఎన్ని గంపలు కుమ్మరించి ఉంటుందని అడిగింది. ఇరవైకి తక్కువ ఉండదని కాకి చెప్పింది. అది ఎవరు లెక్కబెట్టారని ఎవరూ అడగలేదు. కాకిలెక్క కదా.

ఎర్రతోక నీటిపెద్ద అయింది. ముందు గోళ్ళు, తర్వాత గాడిదలు, తర్వాత కోతులు, ఆ తర్వాత గొర్రెలు, చివర పసువులు. కోతులు ఓడిన జట్టువైపు నిలబడినా మూడోవరసలో ఎలా వచ్చాయంటే, వచ్చే ఏడు కూడా ఎన్నికలున్నాయని కొండముచ్చు వెళ్ళి ఎర్రతోకకు గుర్తుచేసిందట. గెలిపించిన గొర్రెలు నాలుగో వరసలో ఎందుకున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు. గొర్రెలూ అడగలేదు.

అయిదో రోజు చెలమ దగ్గర వరసలో, గొర్రెల చివర చుక్కమ్మ, పసువుల మొదట బూడిదెద్దు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎండ చుర్రుమంటోంది. ఎద్దే ముందు పలకరించింది.

"ఎర్రతోక ఎన్ని గంపలిచ్చాడు, చుక్కమ్మా?"

"గంపలా? ఏం గంపలు?"

తాగి వెళ్తున్న కొండముచ్చు ఆ మాట విని ఆగింది. నక్క దగ్గర ఉన్నదే ఎనిమిది గంపలు, అందులో ఖర్చుపెట్టింది ఒక్కటి అని చెప్పింది. అది కూడా గుంటనక్కలిద్దరికీ అరుపుల కూలి. "మా తోపు మీకు ఎంత ముద్దో ఎర్రతోకకు తెలుసు, అల్లుడూ. కాస్త గోల చేస్తే మీ పాతర ఖాళీ అవుతుందనీ తెలుసు," అంది. అని నవ్వబోయి, ఎద్దు మొహం చూసి నవ్వకుండానే వెళ్ళిపోయింది.

"మాకేమీ ఇవ్వలేదన్నా," అంది చుక్కమ్మ. "ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. దూరంగా కూర్చున్నాడు. పిల్లలు ఎన్ని పోయాయని అడిగాడు. నాలుగన్నాను. ఏ నెలలో పోయాయని అడిగాడు. చెప్పాను. మీవాళ్ళు వచ్చారా అన్నాడు. రాలేదన్నాను. మర్నాడు కంపలు తెచ్చాడు. తనే, నోటితో లాక్కుంటూ. మూతంతా నెత్తురు."

"వాడెవడో మీకు తెలీదా?"

చుక్కమ్మ మొదటిసారి ఎద్దు కళ్ళలోకి చూసింది.

"తెలీకేమన్నా. ఆ అడుగులు మేము రోజూ చూసేవే. కానీ వచ్చింది వాడొక్కడే. నా మనవరాలు ఆ రాత్రి నా పక్కన కాకుండా దొడ్డి మధ్యలో పడుకుంది, కాళ్ళు చాపుకుని. నువ్వే చెప్పు, నన్నేం చెయ్యమంటావు?"

బూడిదెద్దు తన పదిహేను నడకలు లెక్కబెట్టుకుంది. పదిహేనుసార్లు ఖాళీ వీపుతో తుమ్మలవాగు దాటి వచ్చింది. చుక్కమ్మ వంతు వచ్చింది, తాగింది, వెళ్ళిపోయింది. చెలమలో మిగిలినవి కలకనీళ్ళు.

ఆ వేసవి పసులగడ్డలో వరస చివర నిలబడ్డవాళ్ళంతా ఒకటే నీతి చెప్పుకున్నారు: ఎక్కడికీ పోరని నమ్మకమున్నవాళ్ళ దగ్గరికే ముందుగా పోవాలి.

ఎన్నికలైన తొమ్మిదో రోజున బూడిదెద్దు ఎవరినీ అడగకుండా దొడ్డి దాకా నడిచింది. అప్పటిదాకా ఆ కంచెను దూరం నుంచే చూసింది. దగ్గరికి పోయి చూస్తే కంపలు దట్టంగా, వరసగా, ఎక్కడా సందు లేకుండా ఉన్నాయి. మంచి పనే. లోపల పిల్లలు కంచెకు దూరంగా మేస్తున్నాయి. ఒక పిల్ల మూతి మీద ముళ్ళగీతలున్నాయి. మందకాసే ఎవరైనా దొడ్డికి కంప వేస్తే నరికిన మొదలు లోపలికీ ముళ్ళు బయటికీ ఉండేట్టు వేస్తారు. మొదలు ఎటుంటే అటువాళ్ళే దాన్ని పట్టి లాగగలరు, తియ్యగలరు. బూడిదెద్దు కంచె ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. మొత్తం పదకొండు కంపలు. పదకొండింటికీ మొదళ్ళు బయటివైపే ఉన్నాయి.